ఇంగ్లీషు తిట్ల పుట్టుపూర్వోత్తరాలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో చెప్పింది. ఆ తీర్పు పుణ్యమా అని ఏటా ఈ రోజున మనం ఇలా కలుసుకుంటున్నాం. కరువు భత్యం, వైద్య బిల్లులు, కమ్యుటేషను గురించి మాట్లాడే సమర్థులు వేదిక మీద ఎందరో ఉన్నారు. ఈసారి కాస్త మార్పుగా ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నాకు పురమాయించారు. విషయం ఏమిటని ఫోనులో అడిగితే, "బూతుల మీద మాట్లాడతానండీ" అన్నాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "ఇంగ్లీషు బూతుల మీద" అన్నాను. "ఓహో, అయితే ఫర్వాలేదు లెండి" అన్నారు.

అయ్యా, ఆ "ఫర్వాలేదు" అన్న మాటే నా ప్రసంగానికి మూలం. అదే సంగతి తెలుగులో అంటే తప్పు, ఇంగ్లీషులో అంటే ఫర్వాలేదు. ఎందుచేత?

మొన్న మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఇంటరు చదువుతున్న మా మనవరాలి చేతిలోంచి సెల్‌ఫోను జారి కింద పడింది. పిల్ల వెంటనే "షిట్" అంది. మా ఆవిడ పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటోంది. పిల్ల "ఛీ" అందనుకుని ఊరుకుంది. ఆ మాటనే తెలుగులో అని ఉంటే ఆ వత్తుల పళ్ళెం పిల్ల వీపున పడేది. "అమ్మా, ఆ మాటకు అర్థం తెలుసా?" అని అడిగితే, "అందరూ అంటారుగా తాతయ్యా" అంది. నేనేమీ అనలేకపోయాను. ఎందుకంటే "అందరూ అంటారుగా" అనుకుని నేనూ ఒకప్పుడు ఒక మాట అన్నాను. ఆ సంగతి ఆఖరున మనవి చేస్తాను.

ముందుగా ఒక హామీ. సభలో ఆడవారు, పిల్లలు ఉన్నారు. అర్థం చెప్పడానికి ఎంత కావాలో అంతే పలుకుతాను. ఒక మాటను మాత్రం అసలు పలకను. అదేమిటో పెద్దలు గ్రహిస్తారు.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. చేరిన నాలుగో నెలలో ఒక ఉత్తరానికి జతపరచవలసిన కాగితం బదులు వేరేది జతపరిచాను. ఆఫీసరుగారు ఫైలు బల్ల మీద కొట్టి "బ్లడీ బగ్గర్" అన్నారు. గదిలోంచి బయటికొచ్చి హెడ్ క్లర్కుగారిని దాని అర్థం ఏమిటండీ అని అడిగాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి, "ఏదో ఇంగ్లీషు దీవెన నాయనా, సంతకం పెట్టాడుగా, డిస్పాచికి పంపు" అన్నారు. సాయంత్రం శాఖా గ్రంథాలయానికి వెళ్ళి అక్కడున్న చిన్న నిఘంటువు తిప్పాను. మొదటి మాటకు "రక్తసిక్తమైన" అని ఉంది. రెండో మాట అందులో లేనే లేదు. నన్ను తిట్టిన తిట్టు నాకే అర్థం కాకపోవడం నాకు చిన్నతనంగా తోచింది. ఆ రోజు ఒక నోటుబుక్కు కొన్నాను. యాభై ఏళ్ళలో అది మూడు నోటుబుక్కులయింది. ఇప్పుడు చెప్పబోయేవన్నీ వాటిలోని సంగతులే.

మొదట "వల్గర్" అన్న మాట చూద్దాం. లాటిన్‌లో "వుల్గుస్" అంటే జనసామాన్యం. సామాన్యులు మాట్లాడేది వల్గర్. అంతకు మించి అందులో అసహ్యమేమీ లేదు. జనానికి తెలిసిన లాటిన్‌లో ఉన్న బైబిలుకు "వల్గేట్" అని పేరు కూడా పెట్టారు. రానురాను సామాన్యుడి మాట కాస్తా అసభ్యమైన మాట అయి కూర్చుంది. మనకూ ఇలాగే జరిగింది. గ్రామంలో పుట్టినది గ్రామ్యం. పండితులు దాన్ని దోషాల పట్టికలో చేర్చారు. అంటే తిట్టులో మొదటి దెబ్బ ఎప్పుడూ పేదవాడి మీదే పడుతుంది. మన సినిమాల్లో తరచు వినపడే "రాస్కెల్" కూడా పాత ఫ్రెంచిలో అలగా జనం అన్న అర్థం ఉన్న మాట నుంచే వచ్చింది. "విలన్" అంటే మొదట్లో దొరగారి పొలంలో పనిచేసే రైతుకూలీ. ఇక "ఇడియట్" గ్రీకు మాట. ఏ ప్రభుత్వ పదవీ లేకుండా తన ఇంటి పని తాను చూసుకునేవాడని దాని అర్థం. ఆ లెక్కన రిటైరయిన మనమంతా ఇడియట్లమే. (సభలో నవ్వులు)

ఇలాంటి మాటలను శ్రద్ధగా పోగుచేసిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండులో కెప్టెన్ ఫ్రాన్సిస్ గ్రోస్ అని ఒకాయన. 1785లో అలగా భాషకు ఒక నిఘంటువు అచ్చువేశాడు. రాత్రివేళ నౌకరును వెంటబెట్టుకుని లండన్ సారా దుకాణాలూ, మురికి సందులూ తిరిగి మాటలు ఏరుకొచ్చేవాడు. ఆయనంటే నాకు అభిమానం కలగడానికి ఇంకో కారణం ఉంది. ఆయన మిలీషియాలో జీతాల బట్వాడా చూసే ఉద్యోగం చేశాడు. తన దగ్గర ఉన్నవి రెండే ఖాతా పుస్తకాలని చెప్పుకునేవాడట. ఒకటి కుడి జేబు, రెండోది ఎడమ జేబు. ఒక దాంట్లో జమ, రెండో దాంట్లోంచి ఖర్చు. ఆడిట్ వారు ఊరుకుంటారా? చివరికి తేడా సొమ్ము ఆయనే కట్టుకోవలసి వచ్చింది.

అంతకు ముందు 1755లో డాక్టర్ జాన్సన్ గొప్ప నిఘంటువు వేశాడు. పచ్చి బూతులు కొన్ని అందులో వదిలేశాడు. ఇద్దరు మర్యాదస్తురాళ్ళు ఆయన్ని కలిసి, చెడ్డ మాటలు వదిలేసినందుకు మెచ్చుకున్నారట. "అయితే మీరు వాటికోసం వెతికారన్నమాట" అన్నాడట ఆయన. నిఘంటువు చేతికి రాగానే మనందరం మొదట వెతికేది ఏ మాటల కోసమో ఎవరి మనస్సాక్షికి వారికి తెలుసు.

ఇంగ్లీషు తిట్లను నేను మూడు బీరువాల్లో సర్దుకున్నాను. ఒకటి దేవుడి పేరు మీద పుట్టినవి. రెండు ఒంటికి సంబంధించినవి. మూడు పుట్టుకకు సంబంధించినవి.

పూర్వం ఇంగ్లండులో భయంకరమైన తిట్టు అంటే దేవుడి పేరును పాడుచేసేదే. శరీరానికి సంబంధించిన మాటలకు అప్పట్లో అంత పట్టింపు లేదు. 1611లో జేమ్స్ రాజు ఆజ్ఞతో వెలువడిన బైబిలు అనువాదంలో లఘుశంకకు ఈనాడు మనం వాడని పచ్చి మాటే ఉంది. అప్పటివారికి అది మామూలు మాట. కానీ 1606లోనే నాటకాల వాళ్ళు రంగస్థలం మీద దేవుడి పేరు అగౌరవంగా పలికితే పది పౌన్ల జరిమానా అని చట్టం చేశారు. దేవుడి పేరు నేరుగా పలకకుండా జనం మాటల ముక్కు చెవులు కోసి వాడేవారు. "గాడ్" అనకుండా "గాష్", "గాలీ" అనేవారు. దేవుడు నా కళ్ళు పోగొట్టుగాక అన్న ఒట్టును కుదించి "బ్లైమీ" అన్నారు. జీసస్ పేరు "జీ" అయింది.

1745 నాటి చట్టం ఇంకా విచిత్రం. ఒట్లు పెట్టి తిట్టేవారికి అంతస్తును బట్టి జరిమానా. కూలివాడు, మామూలు సిపాయి, నావికుడు అయితే ఒక షిల్లింగు. అంతకు పైవాడై పెద్దమనిషి హోదా లేనివాడైతే రెండు షిల్లింగులు. పెద్దమనిషి, ఆపై వారైతే అయిదు షిల్లింగులు. రెండోసారి తిడితే రెట్టింపు, మూడోసారి మూడింతలు. చూశారా, తిట్టుకు కూడా గ్రేడు ప్రకారం స్కేలు, పైగా ఇంక్రిమెంట్లు! ఆ చట్టం 1967 దాకా రద్దు కాలేదు. నవ్వు మాట అలా ఉంచితే, అందులో ఒక న్యాయం ఉంది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు నోరు జారితే తప్పు కూడా పెద్దదే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

నా మొదటి దీవెన "బ్లడీ" సంగతి చూద్దాం. ఏసుక్రీస్తు తల్లి పేరు మీద "బై అవర్ లేడీ" అని పెట్టిన ఒట్టే అరిగి బ్లడీ అయిందని చాలామంది చెబుతారు. పండితులు దీన్ని ఒప్పుకోరు. 17వ శతాబ్దంలో తాగి వీధుల్లో అల్లరి చేసే జమీందారీ కుర్రకారును "బ్లడ్స్" అనేవారు. వాళ్ళలాగా తాగినవాడు అనడంలోంచి ఈ మాట వచ్చిందన్న వాదనకే ఎక్కువ మొగ్గు కనపడుతుంది. మనమూ "ఉడుకు రక్తం" అంటాం కదా, ఇంచుమించు అదే. 1914 ఏప్రిల్ 11న లండన్‌లో బెర్నార్డ్ షా నాటకం "పిగ్మేలియన్" ఆడారు. పూలమ్ముకునే పిల్ల వేషం వేసిన మిసెస్ పాట్రిక్ కాంబెల్ రంగస్థలం మీద ఈ ఒక్క మాట అనేసరికి హాలు దద్దరిల్లింది. పత్రికలు అచ్చు వేయడానికి సిగ్గుపడ్డాయి. కొంతకాలం జనం ఆ మాటకు బదులు "పిగ్మేలియన్" అనే వాడుకున్నారు. అలా లండన్‌లో గగ్గోలు పుట్టించిన మాట మన ఆఫీసుల్లో పేపర్‌వెయిట్ లాగా రోజూ బల్ల మీద ఉండేది.

రెండో దీవెన "బగ్గర్". దీని పుట్టుక బల్గేరియా దేశం. పదో శతాబ్దంలో అక్కడ బోగొమిల్ అనే మతశాఖ బయలుదేరింది. అధికార చర్చి దాన్ని పాషండ మతమంది. ఫ్రాన్సులో ఆ తరహా భావాలు ఉన్నవారినీ బల్గేరియన్లు అనే అర్థంలో "బూగ్ర్" అన్నారు. తమ మతం కానివాడి మీద ముందు వేసే నింద నడవడి మీదే కదా. వాళ్ళకు ప్రకృతి విరుద్ధమైన అలవాట్లు అంటగట్టారు. దాంతో మతవిరోధి అన్న మాట కాస్తా ఆ అలవాటున్నవాడు అన్న అర్థానికి మారింది. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలంలో, 1533లో, ఆ పేరుతోనే మరణశిక్ష విధించే చట్టం వచ్చింది. ఆ భావమే 1860లో మన శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా దిగింది. వయసొచ్చినవారు పరస్పర ఇష్టంతో ఉంటే అది నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఒక దేశం పేరు, ఒక మతద్వేషం, ఒక మరణశిక్ష, ఇన్ని దాటుకుని వచ్చి ఆ మాట ఒక జతకాగితం కోసం నా మీద పడింది.

ఈ బీరువాలోదే "డామ్". నరకానికి పోవాలని శపించడం. లాటిన్‌లో శిక్ష విధించడమన్న మాట నుంచి వచ్చింది. దీనికి మన దేశంతో ఒక ముచ్చటైన ముడి పెట్టారు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చిన "హాబ్సన్ జాబ్సన్" అనే నిఘంటువు 1886లో వచ్చింది. బర్నెల్ మన మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడే. అక్బరు కాలంలో దామ్ అనే రాగి నాణెం ఉండేది. నలభై దాములు ఒక రూపాయి. "ఐ డోంట్ కేర్ ఎ డామ్" అంటే, నిన్ను చిల్లి దామంత కూడా లెక్కచెయ్యను అని అర్థమై ఉండవచ్చునని వారి ఊహ. వినడానికి బాగుంది. కానీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వారు దీనికి ఆధారం లేదని కొట్టివేశారు. అందుచేత నోటుబుక్కులో దీన్ని సరదా పద్దు కింద రాసుకున్నాను. ఈ మాటను తెలుగువారిలో చిరంజీవిని చేసినవాడు గిరీశం. గురజాడవారు 1909లో తిరగరాసి వేసిన "కన్యాశుల్కం" ఆఖరున గిరీశం నోట వచ్చే "డామిట్" ఎరగనిదెవరు? చదువులేని తిట్టుకు ఇంగ్లీషు కోటు తొడిగితే అది హోదా అయిపోతుందని గురజాడవారు ఆనాడే కనిపెట్టారు.

ఇక రెండో బీరువా, ఒంటి సంగతులు. మా మనవరాలి మాట దగ్గర మొదలుపెడతాను. పూర్వం ఓడల్లో పేడ మూటలు రవాణా చేసేవారట, తడవకుండా ఎత్తున ఉంచమని మూట మీద రాసే మాటల మొదటి అక్షరాలు కలిస్తే "షిట్" అయిందట. వాట్సప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. ఇది పూర్తిగా కట్టుకథ. ఆ మాట ఇంగ్లీషు ఎంత పాతదో అంత పాతది. దాని మూలధాతువుకు వేరుచేయడం, కోయడం అని అర్థం. మన సంస్కృతంలో "ఛిద్" ధాతువు దానికి జ్ఞాతి. ఛేదించడం, ఛిద్రం, విచ్ఛేదం అన్నీ ఆ కుటుంబమే. ఇంకో చిత్రం, "సైన్స్" అన్న మాట కూడా ఆ మూలానికే చేరుతుంది. ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని వేరుచేసి తెలుసుకోవడం సైన్సు. ఒంట్లోంచి వేరుపడేది రెండోది. ఒకే తల్లి పిల్లలు, ఒకడు ప్రొఫెసరయ్యాడు, ఒకడు వీధిన పడ్డాడు.

ఎందుకు వీధిన పడ్డాడు? 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. కోటలో, కోర్టులో ఫ్రెంచి. చర్చిలో, చదువులో లాటిన్. ఊళ్ళోవాళ్ళది ఇంగ్లీషు. దాంతో ఒకే వస్తువుకు రెండేసి మాటలయ్యాయి. దొరల మాట మర్యాద, ఊరివాళ్ళ మాట మోటు. మన సంగతి ఆలోచించండి. ఉచ్చ అంటే మోటు, మూత్రం అంటే మర్యాద. ముడ్డి అంటే బూతు, పృష్ఠభాగం అంటే వైద్యశాస్త్రం. వస్తువు ఒకటే, తెలుగులో అంటే తప్పు, సంస్కృతంలో అంటే ఒప్పు. ఇప్పుడు సంస్కృతం కుర్చీలో ఇంగ్లీషు కూర్చుంది. యూరిన్ టెస్టు అంటాం. కార్యదర్శిగారి "ఫర్వాలేదు"కు మొదటి కారణం ఇదే.

పైగా మర్యాద మాట ఎంతకాలమో మర్యాదగా ఉండదు. మా చిన్నప్పుడు "దొడ్డికి" వెళ్ళేవాళ్ళం. దొడ్డి అంటే పెరడే కదా. అది మోటయింది. "లెట్రిన్" వచ్చింది. లాటిన్‌లో అది కడుక్కునే చోటు. అదీ మోటయింది. "టాయ్‌లెట్" వచ్చింది. ఫ్రెంచిలో అది చిన్న గుడ్డ, అలంకరణ బల్ల మీద పరిచేది. అదీ పాతబడి ఇప్పుడు పిల్లలు "వాష్‌రూం" అంటున్నారు. మళ్ళీ కడుక్కునే చోటుకే వచ్చాం. గది మారలేదు, బోర్డు మాత్రం మారుతూ వచ్చింది.

ఇప్పుడు నేను పలకనన్న మాట. ఎఫ్‌తో మొదలయ్యే నాలుగక్షరాలది. దీనికీ ఒక కట్టుకథ ఉంది. రాజుగారి అనుమతితో కాపురం చేసుకోవచ్చునని ఇళ్ళ మీద వేలాడదీసిన బోర్డులోని మొదటి అక్షరాలట. అబద్ధం. మొదటి అక్షరాలతో మాటలు చేసే అలవాటు ఇరవయ్యో శతాబ్దానికి ముందు బహు అరుదు. ఇది జర్మన్, డచ్ భాషల్లో బంధువులున్న పాత మాట. 1475 ప్రాంతంలో కొందరు సన్న్యాసులను ఎగతాళి చేస్తూ సగం లాటిన్, సగం ఇంగ్లీషులో ఎవరో ఒక పద్యం రాశారు. అందులో ఈ మాట ఉంది. కాని రాసినవాడికే సిగ్గేసింది కాబోలు, ఒక్కో అక్షరానికి బదులు దాని తరవాతి అక్షరం వేసి, గూఢలిపిలో రాశాడు. 1598లో ఫ్లోరియో అనే ఆయన ఇటాలియన్ నిఘంటువులో ధైర్యంగా వేశాడు. జాన్సన్ వదిలేశాడు. 1884 నుంచి 1928 దాకా విడివిడిగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు కూడా వదిలేసింది. 1937లో ఎరిక్ పార్ట్రిడ్జ్ తన స్లాంగ్ నిఘంటువులో మధ్య అక్షరం బదులు నక్షత్రం గుర్తు పెట్టాడు. 1972లో బర్చ్‌ఫీల్డ్ సంపాదకత్వంలో వచ్చిన అనుబంధ సంపుటంలో గాని ఆక్స్‌ఫర్డ్ వారు దానికి చోటివ్వలేదు. దాదాపు అయిదు వందల ఏళ్ళు పెండింగులో ఉన్న ఫైలు!

నడుమ కోర్టు కథ ఉంది. లారెన్స్ రాసిన "లేడీ చాటర్లీస్ లవర్" నవలలో ఈ మాట చాలాసార్లు వస్తుంది. 1960లో పెంగ్విన్ సంస్థ దాన్ని పూర్తి పాఠంతో వేస్తే లండన్‌లో కేసు పెట్టారు. నవంబరు 2న జ్యూరీ నిర్దోషి అంది. అమ్మకానికి పెట్టిన మొదటి రోజునే రెండు లక్షల ప్రతులు చెల్లిపోయాయి. మన దేశంలో అదే పుస్తకం అమ్మిన బొంబాయి వ్యాపారికి శిక్ష పడింది. సుప్రీంకోర్టు 1964లో ఆ శిక్షను ఖాయం చేసింది. ఒకే పుస్తకం అక్కడ సాహిత్యం, ఇక్కడ నేరం.

మొదటి అక్షరాలతో నిజంగా పుట్టిన మాటలూ లేకపోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సిపాయిలు "స్నాఫూ" అనేవారు. అంతా గందరగోళంగా ఉంది, అంటే మామూలుగానే ఉంది అని దాని భావం. ఆఖరి నుంచి రెండో అక్షరం మన పలకని మాటది. ఇక పిల్లలు ఫోనులో కొట్టే "ఓ.ఎం.జి." కొత్తదనుకుంటున్నారా? 1917లో లార్డ్ ఫిషర్ అనే ముసలి అడ్మిరల్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో అది ఉంది. అప్పటికి ఆయన వయసు డెబ్భై ఆరు. కాబట్టి మనవలూ, అది మా ఈడువారి ఆస్తి, మీరు అద్దెకు వాడుకుంటున్నారు.

మూడో బీరువా తెరవడానికి నాకు చెయ్యి ఆడదు. అందులో ఉన్నది "బాస్టర్డ్". పాత ఫ్రెంచిలో "బాస్ట్" అంటే గాడిద మీద వేసే బరువు జీను. బాటసారులు దాన్నే పక్కగా పరుచుకునేవారు. అలాంటి పక్క మీద పుట్టిన బిడ్డ, అంటే పెళ్ళి కాకుండా పుట్టినవాడు అన్న అర్థంలో ఈ మాట వచ్చి ఉంటుందంటారు. 1066లో ఇంగ్లండును జయించిన విలియం తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదు. ఆయన్ని బాహాటంగా బాస్టర్డ్ విలియం అనేవారు. రాజ్యం వచ్చాక విజేత విలియం అయ్యాడు. రాజుకైతే బిరుదు మారుతుంది. పేదవాడికి అదే మిగులుతుంది.

ఈ మాట బరువు ఊరు ఊరికీ మారుతుంది. ఆస్ట్రేలియాలో స్నేహితులు ఒకరినొకరు ముద్దుగా అనుకుంటారు. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో బ్రాడ్ హాగ్ మన కుంబ్లేను, ధోనీని ఈ మాట అన్నాడని మనవాళ్ళు ఫిర్యాదు చేశారు. తరవాత పెద్దమనసుతో ఉపసంహరించుకున్నారు. అతనికి అది నోటి అలవాటు. వినేవారికి అది తల్లి మీద మాట.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. 1986లో నేను సీనియర్ని. నా కింద ఒక అటెండరు ఉండేవాడు. నెమ్మదస్తుడు. ఒకనాడు ముఖ్యమైన తపాలు ఒక ఆఫీసులో ఇవ్వవలసింది ఇంకో ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. పైనుంచి నాకు అక్షింతలు పడ్డాయి. నేను అతన్ని పిలిచి నలుగురి ముందు ఆ మాట అన్నాను. నాకు అర్థం తెలుసు. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. కానీ ఆ క్షణంలో అది నాకు బూతుగా తోచలేదు. ఇంగ్లీషుగా తోచింది. ఆఫీసర్లు అనే మాట నేనూ అన్నానన్న దర్జా కూడా ఎక్కడో ఉండే ఉంటుంది.

మూడు రోజుల తరవాత అతను సాయంత్రం వేళ వచ్చి నిలబడ్డాడు. "అయ్యగారూ, నేను పుట్టిన ఏడాదికే మా నాయన పోయాడు. మా అమ్మ కూలికి పోయి పెంచింది. ఊళ్ళో కొందరు ఆవిడ్ని అనరాని మాటలన్నారు. మొన్న మీరన్నది ఇంగ్లీషులో ఆ మాటేనా?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

తప్పయిందని ఒక్క మాట అనవలసింది. అనలేదు. "అబ్బే, మొద్దూ అన్నానోయ్, అంతే" అని అబద్ధం చెప్పాను. "అంతేనా అయ్యా" అని వెళ్ళిపోయాడు. ఆ తరవాత పదేళ్ళు కలిసి పనిచేశాం. నాకు ఏ లోటూ చెయ్యలేదు. నేను ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. ఆయన 2011లో కాలం చేశారు.

పోయిన నెల ఆయన భార్యగారి కుటుంబ పెన్షను కాగితాల పని మీద నేను వాళ్ళింటికి వెళ్ళాను. సంతకాలయ్యాక ఉండబట్టలేక ఆవిడతో చెప్పాను, ఇలా ఒక మాట అన్నాను, ఆపైన అబద్ధమాడాను, క్షమించమని. ఆవిడ కాఫీ గ్లాసు తీసి, "ఆయనకి తెలుసండి బాబూ. ఆ వారమే పోస్టాఫీసులో ఎవరినో అడిగి కనుక్కున్నారు. పెద్దాయన అబద్ధమాడాడంటే సిగ్గుపడ్డట్టేగా, ఇంక అడగొద్దులే అన్నారు" అంది. పాతికేళ్ళు నేను దాచాననుకున్నది ఆయన నా కోసం దాచారు. నాకు నోట మాట రాలేదు.

అయ్యా, 1973లో ఆ ఆఫీసరు నాకిచ్చింది 1986లో నేను కిందికి పంపాను. ఆఫీసుల్లో తిట్టు ఎప్పుడూ తపాలా లాగే పైనుంచి కిందికి దిగుతుంది. అది ఎవరి బల్ల దగ్గర ఆగాలో వాళ్ళే ఆపాలి. ఆ 1745 చట్టం ప్రకారం నేను కట్టవలసిన జరిమానా నా హోదాను బట్టి రెండు షిల్లింగులు. అయిదు కట్టినా నాకు తక్కువే అనిపిస్తోంది. మన చట్టంలోనూ కావాలని అవమానించి రెచ్చగొట్టడం నేరమే. పాత శిక్షాస్మృతిలో 504వ సెక్షను, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 352వ సెక్షను. కానీ ఆయన కేసు పెట్టలేదు. క్షమించి ఊరుకున్నారు. అది ఏ సెక్షనులోనూ లేదు.

కార్యదర్శిగారి "ఫర్వాలేదు"కు ఇప్పుడు జవాబు చెబుతాను. పరాయి భాషలో తిట్టు అనేవాడికి తేలిక. అది నోట్లో పుట్టింది గాని గుండెలో పుట్టలేదు. మన అమ్మ దగ్గర నేర్చిన మాట కాదు కాబట్టి మన నాలుక దానికి సిగ్గుపడదు. వినేవాడికి మాత్రం ఆ సౌకర్యం లేదు. వాడు దాన్ని తన భాషలోకి, తన తల్లి దగ్గరికి తీసుకువెళ్ళి అర్థం చేసుకుంటాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు అన్నది ఏ భాషలో జారినా వర్తిస్తుంది.

మా మనవరాలికి ఈ కథంతా చెప్పాను. తిట్టవద్దని చెప్పలేదు. చెబితే వినే వయసు కాదు. "ఏ మాటైనా వాడే ముందు దాని ఊరూ పేరూ కనుక్కో" అన్నాను. రెండు రోజుల తరవాత మళ్ళీ ఫోను జారింది. పిల్ల నావైపు చూసి, కాస్త ఆగి, "ఛిద్రం" అంది. మా ఆవిడ ఏదో మంత్రమనుకుని సంతోషించింది.

 ఎక్కడైనా నోరు జారి ఉంటే మన్నించండి. ఈసారి మాత్రం ఆ మాట అప్పటికప్పుడే అడుగుతున్నాను.